అమ్మణి చెవుల విచారణ

గుడియాత్తం డేరాలో ఒక పిచ్చిదాని సినిమా మూడు వారాలు ఆడి వెళ్ళేసరికి నేతవీధికి మనస్తత్వశాస్త్రం క్షుణ్ణంగా అబ్బింది. తెరపక్కన బెత్తం పట్టుకుని మూగబొమ్మలకు కథ చెప్పిన జయరాములు సిద్ధాంతం తేల్చేశాడు: ఇంట్లో చప్పుడు ఆడదానికి ఒక్కదానికే వినబడితే చప్పుడు లేనట్టు, పిచ్చి ఉన్నట్టు.

సిద్ధాంతానికి ఉదాహరణ కొరవడగా, వరదప్ప భార్య అమ్మణి ఆ లోటు తీర్చింది. పట్టపగలు, మగ్గం ఆగినప్పుడల్లా ఆమెకు అటకమీద అడుగులు వినబడసాగాయి. చట్టిలో సంగటి తరిగిపోయేది. ఒకనాడు అద్దంలో గడ్డపు ముఖమొకటి కనబడి మాయమైంది.

"ఏమయ్యా, అటకమీద ఎవరో ఉండారు. ఒకతూరి ఎక్కి చూడు" అంది మొగుడితో.

"యాడుండారు? నీ తలకాయలో ఉండారు" అన్నాడు వరదప్ప, నేతమీంచి చూపు తిప్పకుండానే.

నిచ్చెన మూడడుగుల దూరంలోనే ఉంది. ఎక్కి చూడడం శాస్త్రసమ్మతం కాదు గనక ఎవరూ ఎక్కలేదు. పెద్దలు సభ తీర్చి ఆమెను వేలూరు డాక్టరుకు చూపించారు. ఆయన ఆమె నాలుక చూసి, రోగవివరాలన్నీ మొగుణ్ణి అడిగి, "నరాల బలహీనత" అన్నాడు. మందు పారలేదు. శుక్రవారం వేపమండలతో కొట్టడానికి పరదరామినుంచి భూతవైద్యుణ్ణి కుదిర్చారు.

అమ్మణికి తన చెవులమీద తనకే నమ్మకం సడలింది. గురువారం దూది కుక్కుకుని కూర్చుంది. అయినా పైనుంచి మట్టి రాలి చేతిమీద పడింది. వేళ్ళతో నలిపి చూసుకుంది. మట్టే. లేచి నిచ్చెన వేసుకుని ఎక్కింది.

పాత బుట్టల మధ్య బావ, అంటే వరదప్ప అన్న, పెరియస్వామి కూర్చుని ఉన్నాడు! నాలుగు నెలల కిందట సన్యసించి కాశీకి బయలుదేరితే, వీధంతా కాట్పాడి స్టేషనుదాకా వెళ్ళి, దండలు వేసి, కాళ్ళకు మొక్కి రైలెక్కించిన మహానుభావుడు.

"అరక్కోణంలోనే దిగేసి, రేత్రిపూట వచ్చి అటకెక్కేసినానమ్మా" అన్నాడు మూతి తుడుచుకుంటూ. "అంత మర్యాద చేసినాక, ఏ మొగం పెట్టుకుని వీధిలోకి వచ్చేది?"

ఆమె కేకకు వీధి కదిలి వచ్చింది. పొరబడ్డామని ఒప్పుకునే తీర్మానం సభముందుకు వచ్చింది గాని, బలపరిచేవారు లేక వీగిపోయింది. జయరాములు గొంతు సవరించుకున్నాడు. "ఇంతమంది మొగోళ్ళకు వినపడనిది ఈయమ్మకు వినపడిందంటే, అవి మనిషి చెవులా అప్పా? అమ్మవారు దిగినాది!"

శుక్రవారం పొద్దున్నే అమ్మణిని పీటమీద కూర్చోబెట్టి నిమ్మకాయల దండ వేశారు.

"నేను మనిషినప్పా! చప్పుడైంది, విన్నాను, అంతే" అని మొత్తుకుంది. ఆ వినయానికి అందరూ కళ్ళు తుడుచుకుని కర్పూరం వెలిగించారు.

మధ్యాహ్నం దాటాక ఆమె గొంతు నీరసించింది. "పస్తుండాను నాయనా. ఇంత గంజి పోయండి."

జయరాములు ఆ వాక్కును తనకొచ్చిన తమిళ అక్షరాల్లో జాగ్రత్తగా రాసుకున్నాడు. పస్తంటే రాబోయే కరువా, గంజంటే జ్ఞానమా అని పెద్దలు దీపాలు పెట్టేవేళదాకా వాదించుకున్నారు. పొయ్యి మాత్రం ఎవరూ వెలిగించలేదు.