లైల్ ఊడదీసిన అంచుపట్టీ

లైల్ టాగర్ట్‌కు పెళ్లాం అన్న పేరెత్తితే చాలు, ఒళ్లు మండిపోతుంది. ఆ పేరు రాస్కో. పేరుకు తగ్గట్టే, ఆయన నోరు తెరిచాడంటే ఎదుటివాడు కాగితం, కలం తెచ్చుకుని కూర్చోవలసిందే. బండి ఎలా నిలపాలి, మాంసం ఎలా కాల్చాలి, బూటు తాడు ఎలా ముడెయ్యాలి, అన్నిటికీ సలహాలే. మూడేళ్ల కిందట థాంక్స్‌గివింగ్ పండగ విందులో లైల్ టర్కీ కోడిని కోస్తూంటే, పదిమంది ముందు చేతిలోంచి కత్తి లాక్కుని, "ఇలా కాదు బావా" అన్నాడు. ఆ మంట ఇంకా ఆరలేదు.

ఆ రాస్కోకు ఈ శుక్రవారం డెబ్బై నిండుతున్నాయి. ఆయనుండే టూసాన్ ఊళ్లో విందు.

"వెళ్తున్నాం," అంది పెళ్లాం వెర్నా.

"నాకు నడుం నొప్పి."

"నడుం పట్టుకునే వద్దువుగాని."

"బండికి ఆయిల్ మార్చాలి."

"నిన్ననేగా మార్చావు!"

"ఎండలో అంత దూరం..."

"జనవరిలో ఎండేమిటయ్యా? నాకున్నది ఒక్కడే అన్న, లైల్. వాడి మొహం చూసి మూడేళ్లయింది. ఈసారి ఏ వంకా చెప్పకు, ఊరుకోను."

లైల్ వంక చెప్పడం మానేసి, వంక తయారు చెయ్యాలనుకున్నాడు.

మొగుడూ పెళ్లాలు అయోవాలో ఇల్లమ్మేసి ఆరేళ్లయింది. ఇప్పుడు ఇల్లయినా బండయినా ఒక్కటే, మోటార్ హోమ్. చలికాలమంతా ఈ ఆరిజోనా ఎడారిలో, నలభై బళ్ల మధ్య మకాం. మీట నొక్కితే వాళ్ల హాలు సొరుగులా బయటికి జరుగుతుంది, మళ్లీ నొక్కితే లోపలికొస్తుంది. అది లోపలికి రాకపోతే బండి అంగుళం కదలదు. గదికీ గోడకీ మధ్య సందు కనపడకుండా చుట్టూ చెక్క అంచుపట్టీ బిగించి ఉంటుంది.

మంగళవారం వెర్నా బట్టలుతకడానికి వెళ్లగానే లైల్ ఆ పట్టీకున్న స్క్రూలు నాలుగు విప్పేశాడు. అది ఒక పక్కకి వేలాడింది. వెర్నా తిరిగొచ్చేసరికి నెత్తిమీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

"చూశావా మన ఖర్మ! అంచుపట్టీ ఊడిపోయింది. ఇప్పుడు గది లోపలికి లాగామంటే ఇరుక్కుని మొత్తం విరిగిపోతుంది. ప్రయాణం మానుకోవాల్సిందే."

వెర్నా పట్టీని చూసింది, మొగుణ్ణి చూసింది. "బిగించు," అంది.

"కొత్త పట్టీ రావాలంటే నెల పడుతుందే!"

"ఊడింది స్క్రూలయితే కొత్త పట్టీ దేనికి?"

ఇంకో మాటనే లోపే తలుపు దగ్గర జనం మూగారు. ఆ మకాంలో ఎవడైనా స్క్రూడ్రైవర్ పట్టుకుంటే చాలు, మడత కుర్చీలు చంకన పెట్టుకుని పదిమంది చూడ్డానికొస్తారు. అందరికంటే ముందు పక్క బండి గస్ వచ్చాడు. జిగురు గస్ అంటారు. విరిగిన తన కట్టుడుపళ్లు కూడా జిగురుతోనే అతికించుకున్న ఘనుడు.

"నువ్వు లే లైల్, నేను చూస్తాను."

"వద్దులే గస్, నీకెందుకు శ్రమ?"

"శ్రమేముంది? ఇరుగుపొరుగన్నాక!"

పది నిమిషాల్లో డబ్బాడు జిగురు పూసి, స్క్రూలు బిగించి, "ఇంక జన్మలో ఊడదు" అన్నాడు గస్. కుర్చీల్లో వాళ్లు చప్పట్లు కొట్టారు. వెర్నా అందరికీ కాఫీ ఇచ్చింది. లైల్ మింగలేక కక్కలేక గస్ చెయ్యి పట్టుకుని థాంక్స్ చెప్పాడు. ఆ చెయ్యి విరిచెయ్యాలనిపించింది.

బుధవారం వెర్నా పేకాటకి వెళ్లింది. లైల్ గునపంలాంటి స్క్రూడ్రైవర్ తీసుకుని పట్టీ మీదకి దూకాడు. రాదే! జిగురు గస్‌నీ, వాడి జిగురునీ, డెబ్బయ్యేళ్లు బతికినందుకు రాస్కోనీ కలిపి తిడుతూ, గోడకి కాలు తన్నిపెట్టి లాగాడు. ఫటేలున ఊడింది. దాంతోపాటు గోడ కూడా పళ్లెమంత మేర ఊడొచ్చింది.

లైల్ కన్నంలోకి తొంగిచూశాడు. నాటకానికి ఊడదీసిన పట్టీ వేరు, నిజంగా పడిన కన్నం వేరు. ఇది వెర్నా చూసిందంటే తనని బండి చక్రం కింద పడుకోబెడుతుంది. గబగబా పట్టీని కన్నం మీద అడ్డంపెట్టి, సామాన్ల పెట్టెలో దొరికిన మూడంగుళాల స్క్రూలు పది బిగించేశాడు. అవి పట్టీని దాటి, గదిని దాటి, బండి గోడలోకి దిగాయి. ఆ సంగతి మహానుభావుడికి తెలియదు.

గురువారం సాయంత్రం వెర్నా, "పొద్దున్నే బయల్దేరాలి, గది మూసేస్తున్నా" అంటూ మీట నొక్కింది.

మోటారు మూలిగింది. బండి ఊగింది. గోడలోంచి ఎముకలు విరిగినట్టు చప్పుడొచ్చింది.

"ఆపు! ఆపవే!"

ఆపేలోపే పట్టీ రెండు ముక్కలై, ఒక ముక్క ఎగిరొచ్చి బల్ల మీది బంగాళాదుంప ముద్దలో గుచ్చుకుంది. మోటారు కాలిన కంపు. గది మాత్రం ఉన్నచోటే ఉంది.

వెర్నా బయటికొచ్చిన స్క్రూని వేళ్లతో పట్టుకుని చూసింది. "ఇంటిని ఇంటికే దిగ్గొట్టావేమయ్యా! బుద్ధి గడ్డి తిందా?"

"పట్టీ వదులుగా ఉందని..."

"నోర్మూసుకో! ఆ మాట మళ్లీ అన్నావంటే ఈ దుంపలు నీ నెత్తినేస్తా." స్క్రూని బల్ల మీద పడేసింది. "మా అన్న పుట్టినరోజు, లైల్. డెబ్బయ్యోది. ఇంకో డెబ్బై రాదు వాడికి."

ఫోను తీసుకుని బయటికి వెళ్లి ధడాలున తలుపేసింది. లైల్ ఆమె వెనకే రెండడుగులు వేసి ఆగిపోయాడు. అయినా గెలిచాననుకుని ముద్దలోంచి చెక్క ముక్క తీసి, మిగిలింది తినేశాడు.

శుక్రవారం మధ్యాహ్నం గస్ తన బండిని అవతలి వరసకి మార్చుకున్నాడు. ఎందుకో లైల్‌కి అర్థం కాలేదు. అర్థమయ్యేలోపే ఆ ఖాళీలోకి ఓడంత మోటార్ హోమ్ వచ్చి ఆగింది. తలుపు తీసుకుని రాస్కో దిగాడు. వెర్నా పరుగెత్తుకెళ్లి అన్నని వాటేసుకుని ఏడ్చేసింది.

"టూసాన్ ఇల్లు అమ్మేశాను బావా!" అన్నాడు రాస్కో. "విందులో చెప్పి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. మీ బండి కదలదంది చెల్లి. మీరు రాలేకపోతే నేనొస్తాను, నా ఇంటికీ చక్రాలున్నాయిగా!"

"ఎన్ని... ఎన్ని రోజులుంటావు?"

"మార్చి దాకా."

లైల్ పెళ్లాం వైపు తిరిగాడు. వెర్నా కళ్లు తుడుచుకుంటోంది గాని మొహంలో కోపం అలాగే ఉంది. మెల్లగా అతని చెవి దగ్గరకొచ్చింది.

"మంగళవారం సబ్బు మర్చిపోయి వెనక్కొచ్చాను. స్క్రూలు విప్పుతూ ఈల వేస్తున్నావు. నిజం చెప్తావేమోనని మూడు రోజులు చూశాను. వెళ్లుంటే ఒక్కపూట భోజనం లైల్, సాయంత్రానికి మన బండిలో మనం ఉండేవాళ్లం."

అప్పటికే రాస్కో లోపలికెళ్లి గోడని పరీక్షిస్తున్నాడు.

"ఇలా కాదు బావా," లోపలినుంచి గొంతు వినిపించింది. "రా, ఈ చెక్క ఆ చివర పట్టుకో. ఊఁ, పైకి. ఇంకాస్త పైకి."

లైల్ వెళ్లి పట్టుకున్నాడు.