రూలమ్మ ఐదో ఫిల్టరు

ఆ రోజు ఉదయం రూలమ్మ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పది గంటలకల్లా మందు వడపోయాలి. పదకొండుకల్లా సీసాలకు చీటీలు అంటించాలి. పన్నెండుకు సెలవు పెట్టి ఆడపడుచుతో కలిసి మంచం కొనడానికి వెళ్లాలి. ఆ మంచం మూడు వారాలుగా వాయిదా పడుతూ వస్తోంది. "ఈసారి కూడా రాకపోతే నేల మీదే పడుకుంటాను. నడుం పట్టేస్తే ఆ పాపం నీదే అమ్మాయ్" అని ఆడపడుచు ముందు రోజే ఫోనులో తేల్చి చెప్పింది.

రూలమ్మ అన్నది ఆమె అసలు పేరు కాదని వేరే చెప్పనక్కర్లేదు. పశువుల ఆసుపత్రిలో మందులు తయారుచేసే గదికి ఆమె ఇరవై రెండేళ్లుగా ఫార్మసిస్టు. ఆ గది గోడ మీద ఆమె స్వయంగా ఎర్ర సిరాతో రాసి, లామినేషన్ చేయించి తగిలించిన పద్నాలుగు రూళ్లున్నాయి. వాటిలో ఏది తప్పినా ఆమె అరవదు, తిట్టదు. మాట్లాడకుండా చూపుడువేలు ఎత్తి గోడ చూపిస్తుంది, అంతే. ఆ వేలికి అటెండరే కాదు, సూపరింటెండెంటుగారు కూడా జడిసేవారు. అందుకని ఆమె వెనకాల అందరూ ఆమెను రూలమ్మ అనేవారు. ఆ సంగతి ఆమెకు తెలుసు, లోపల కాస్త గర్వం కూడా.

ఆ రోజు మందు మాత్రం ఇంటి మందే అనాలి. ఆమె భర్త జూలో జిరాఫీకి కాపరి. పొడుగమ్మ అని ఆయన పిలుచుకునే ఆ జిరాఫీకి రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇది మూడోసారి. నూనెలో కరిగించిన హార్మోను సూది రోజూ వేస్తుంటే ఈసారి నిలుస్తుందని డాక్టరు అన్నాడు. కానీ కంపెనీ సూదులు బజారులో ఎక్కడా దొరకడం లేదు. చివరి సీసా నిన్నటితో అయిపోయింది. ఈరోజు నాలుగింటికి సూది పడకపోతే తన పూచీ లేదని డాక్టరు చేతులెత్తేశాడు.

"వస్తుందిగా?" అని అడిగాడు భర్త, పొద్దున్నే టిఫిను ముట్టకుండా.

"వస్తుంది."

"అంటే, తప్పకుండా?"

"నా చేతి మందు ఎప్పుడైనా రాకుండా ఉందా చెప్పండి" అంది రూలమ్మ.

నిజమే, ఎప్పుడూ రాకుండా లేదు. కాకపోతే ఇరవై రెండేళ్లుగా ఆ గదిలో తయారైనవన్నీ నీళ్ల మందులు. నూనె మందు అదే మొదటిసారి.

ఆసుపత్రికి వెళ్లేసరికి సూపరింటెండెంటుగారు కొత్త చొక్కాలో ఎదురొచ్చారు. ఏడాదికోసారి వచ్చే తనిఖీ ఆ రోజే పడింది. ఇన్‌స్పెక్టరమ్మ మధ్యాహ్నం రెండింటికి వస్తుందట. ఆవిడకు చెమట పట్టకూడదని ఆయన రాత్రే గదిలో ఏసీ పదహారు మీద పెట్టించారు. గదిలో అడుగుపెట్టగానే రూలమ్మ పళ్లు టకటక కొట్టుకున్నాయి. సీసాలోని నూనె చలికి బిగుసుకుని ఉలకకుండా కూర్చుంది.

వడపోత అంటే పెద్ద యంత్రమేమీ కాదు. సిరంజి మూతికి చొక్కా గుండీ కంటే కాస్త పెద్ద బిళ్ల ఒకటి బిగిస్తారు. అదే ఫిల్టరు. దాని లోపలి పొర రంధ్రాలు ఎంత సన్నవంటే సూక్ష్మజీవి కూడా దూరలేదు. సిరంజి నొక్కితే మందు ఇటునుంచి అటు శుభ్రపడి వస్తుంది. స్టోరులో అలాంటి బిళ్లలు ఐదే మిగిలాయి. కొత్తవి రావాలంటే రెండు రోజులు.

ఒకటో రూలు ప్రకారం రూలమ్మ మొదటి ఫిల్టరును శుద్ధజలంతో తడిపి, సిరంజికి బిగించి, నొక్కింది. కదల్లేదు. రెండు చేతులా నొక్కింది. బొటనవేలు ఎర్రబడింది తప్ప నూనె చుక్క రాలేదు.

"చలికి గడ్డకట్టినట్టుందమ్మా" అన్నాడు అటెండరు. ఈయన రిటైర్మెంటుకు ఏడాది దూరంలో ఉన్న పెద్దమనిషి. అన్నీ చూస్తాడు, చూసింది చూసినట్టు చెబుతాడు. ఆ గుణం వల్ల ఎంత ముప్పు వస్తుందో అప్పటికి ఎవరికీ తెలియదు.

రూలమ్మ ఏసీ ఆపించి, నూనె సీసాను గోరువెచ్చటి నీళ్ల తొట్టిలో నిలబెట్టింది. నూనె పలచబడేసరికి పన్నెండు దాటింది. రెండో ఫిల్టరు తడిపి బిగించి నొక్కింది. అదీ అంతే. చిన్న సిరంజితో ఒత్తిడి ఎక్కువ వస్తుందని గుర్తొచ్చి, మూడోదాన్ని తడిపి చిన్న సిరంజికి తగిలించింది. అదీ బిగుసుకుంది. లోపల గాలేమైనా ఇరుక్కుందేమో చూద్దామని దాన్ని తాను చేతులు పెట్టి పనిచేసే గాజు వడపోత పెట్టెలోంచి బయటికి తెచ్చి, మూతి పైకి పెట్టి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి నొక్కింది.

టప్పుమంది. ఫిల్టరు ఎగిరి ఎక్కడో పడింది. నూనె కప్పు దాకా లేచి, అక్కడ అంటుకున్నంత అంటుకుని, మిగిలింది తిరిగొచ్చి ఆమె నుదుటి మీదా చెంపల మీదా పడింది. కళ్లజోడు ఉంది కాబట్టి కళ్లు బతికాయి. కళ్లజోడు ఏడో రూలు.

సరిగ్గా అప్పుడే బయటి బల్ల మీద ఆమె ఫోను మోగింది. అటెండరు తీశాడు. అవతల ఆడపడుచు.

"అమ్మగారు ఇప్పుడు మాట్లాడలేరండి. మొహం మీద నూనె పడింది" అన్నాడు అటెండరు. "అవునండి, నూనే. పొద్దున్నుంచీ వేడి చేస్తూనే ఉన్నారు. కప్పు దాకా లేచిందండి. లేదండి, అరవలేదు. అసలు మాటే లేదు, అలా నిలబడిపోయారు."

ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. ఆ వేడి స్నానపు నీళ్ల పాటి వేడి అన్న ముక్క ఒక్కటే ఆయన మిగిల్చాడు.

ఇంతలో సూపరింటెండెంటుగారు ఇన్‌స్పెక్టరమ్మను వెంటబెట్టుకుని వచ్చేశారు. ఆవిడ తక్కువ మాట్లాడి ఎక్కువ రాసుకునే మనిషి. చేతిలో లావుపాటి నోటుపుస్తకం. "ఈ గదిలో ఇరవై రెండేళ్లుగా ఒకటో రూలు ఒక్కసారి కూడా తప్పలేదండి మేడం" అని ఆయన గోడ చూపిస్తూ గర్వంగా చెబుతుండగా, బట్టతల మీద నడిబొడ్డున ఒక నూనె చుక్క పడింది. తడిమి చూసుకున్నారు. వాసన చూశారు. పైకి చూశారు. ఆ పై అంతస్తులో ఉన్నది జనరేటరు.

"జనరేటరు నూనె కారుతోంది" అన్నారు ఆయన. రూలమ్మ నోరు తెరిచి అసలు సంగతి చెప్పేలోపు ఆయన వరండాలోకి పరిగెత్తి ప్రమాదం గంట మోగించేశారు. రెండు నిమిషాల్లో ఆసుపత్రి మొత్తం ఆవరణలోకి వచ్చి నిలబడింది. డాక్టర్లు, గుమాస్తాలు, కట్టు కట్టించుకుంటున్న కుక్కలు, వాటి యజమానులు, బుట్టతో సహా ఒక పిల్లి. ఇన్‌స్పెక్టరమ్మ మాత్రం కదల్లేదు. రాసుకుంది.

సంగతి తెలిశాక సూపరింటెండెంటుగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. పోయిన పరువు రాబట్టుకునే దారి ఆయనకు ఒక్కటే కనిపించింది. "మీరు కానివ్వండమ్మా. మేడంగారు బయటి గదిలో నిలబడి అద్దం గోడలోంచి చూస్తారు" అన్నారు.

నాలుగో ఫిల్టరు. తడిపింది, బిగించింది, దేవుడి మీద భారం వేసి నొక్కింది. లోపల చిటుక్కుమని సన్నటి చప్పుడైంది. అంతే, నూనె జలజలా దిగిపోయింది. రెండు నిమిషాల్లో సీసా నిండింది.

"చూశారా మేడం, మావాళ్ల పనితనం" అన్నారు సూపరింటెండెంటుగారు. ఆయన గొంతు అద్దం అవతలికి కూడా వినిపించింది.

రూలమ్మ కళ్ల ముందు పొడుగమ్మ కదిలింది. టిఫిను ముట్టని భర్త కదిలాడు. టైము రెండున్నర. సీసాకు మూత బిగించి చీటీ అంటిస్తే ఎవరూ అడగరు. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. అయినా అలవాటు పడిన చెయ్యి ఊరుకోలేదు. ఖాళీ సిరంజిలో గాలి నింపి, ఫిల్టరు కొసను నీళ్లలో ముంచి, నెమ్మదిగా నొక్కింది. తడిసిన మంచి ఫిల్టరైతే గాలిని ఆపాలి. ఇది ఆపలేదు. బుడగలు బిలబిలమంటూ వచ్చాయి.

"పనికిరాదు సార్. పొర చిరిగింది" అంది బయటికి వచ్చి.

"చిన్న చిరుగేమో కదమ్మా" అన్నారాయన దీనంగా.

"దూరేదానికి చిన్న చిరుగు చాలు సార్. ఇది మళ్లీ మొదటి సీసాలో పోసెయ్యాల్సిందే."

ఇన్‌స్పెక్టరమ్మ చాలాసేపు రాసుకుంది. మిగిలింది ఒక్క ఫిల్టరు.

అదే సమయానికి ఆడపడుచు, ఆవిడ జూ నుంచి లాక్కొచ్చిన రూలమ్మ భర్త ఆసుపత్రి గేటు దాటారు. ఆవరణలో ఇంకా లోపలికి వెళ్లని జనం, బుట్టలో పిల్లి చూసేసరికి ఇద్దరూ పరుగందుకున్నారు. "ఎక్కడుంది?" అని భర్త అడిగితే అటెండరు చూసింది చూసినట్టు చెప్పాడు: "లోపలే ఉన్నారండి. మొహం అలాగే ఉంది, ఇంకా ఎవరూ తుడవలేదు."

వాళ్లిద్దరూ చెరో తడి తువ్వాలుతో బయటి గదిలోకి దూసుకొచ్చారు. రూలమ్మ మాట్లాడే సందివ్వకుండా ఆడపడుచు ఆమెను కుర్చీలో కూలేసి, మొహం మీద తువ్వాలు పరిచింది.

"మంచం పాడుగాను, అదెటు పోతే నాకేంటి. నువ్వు బాగుండు అమ్మాయ్, అంతే చాలు" అంటూ ఆవిడ బావురుమంది. మూడు వారాల మంచం పట్టుదల ఆ ఒక్క మాటతో కొట్టుకుపోయింది.

"కాలలేదు వదినా, నూనె చల్లగానే ఉంది" అంది తువ్వాలు కిందనుంచి రూలమ్మ.

నమ్మడానికి వాళ్లకు కాస్త టైము పట్టింది. నమ్మాక భర్త కుర్చీ పక్కన నేల మీద చతికిలబడ్డాడు. ఆడపడుచు మాత్రం మొదలుపెట్టిన పని వదిలే రకం కాదు, తడి తువ్వాలుతో రుద్దుతూనే ఉంది. ఎంత రుద్దినా జిడ్డు అటునుంచి ఇటు జరుగుతోందే తప్ప గుడ్డకు అంటడం లేదు.

"తడిగుడ్డ నూనెను పీల్చదు వదినా. నీళ్లు ముందే దాన్నిండా కూర్చున్నాయి, నూనెకు చోటెక్కడుంటుంది? ఆ పొడిగుడ్డ ఇటివ్వండి" అంది రూలమ్మ. పొడిగుడ్డతో ఒక్కసారి అద్దుకుంది. నుదురు శుభ్రపడింది.

గుడ్డ చేతిలో ఉండగానే ఆమె నెమ్మదిగా తలతిప్పి, అద్దంలోంచి, గోడ మీది ఒకటో రూలును చూసింది. "ఏ ఫిల్టరైనా వాడే ముందు శుద్ధజలంతో తడపవలెను." తన చేతిరాతే. పొద్దున్నుంచీ సన్నటి రంధ్రాలన్నిటా నీళ్లు కూర్చోబెట్టి, నూనెను లోపలికి తోస్తున్నది తనే.

లేచి, గౌను మార్చుకుని, చేతులు కడుక్కుని లోపలికి వెళ్లింది. ఐదో ఫిల్టరు తీసి తడపకుండానే సిరంజికి బిగించబోయింది. తలుపు దగ్గర నిలబడ్డ అటెండరు దగ్గాడు. ఆమె చూసేసరికి, మాట్లాడకుండా చూపుడువేలు ఎత్తి గోడ చూపించాడు. ఇరవై రెండేళ్లలో ఆయనకు ఆ అవకాశం రావడం అదే మొదటిసారి.

"తెలుసు" అంది రూలమ్మ, చెవులు ఎర్రబడుతుండగా. "రూలు తప్పు."

సూపరింటెండెంటుగారు గోడకు ఆనుకున్నారు. ఇన్‌స్పెక్టరమ్మ రాయడం ఆపింది.

రూలమ్మ తొందరపడలేదు. గోరువెచ్చటి నూనె, పొడి ఫిల్టరు, నిదానంగా ఒకే తీరు ఒత్తిడి. కాసేపు ఏమీ లేదు. తరువాత కొస దగ్గర ఒక చుక్క ఉబ్బి, నిలబడి, రాలింది. దాని వెనక ఇంకొకటి. ఆ తరువాత దారంలాంటి సన్నటి ధార. అద్దం అవతల ఐదుగురు ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. పావుగంటకు సీసా నిండింది. మళ్లీ గాలి నింపి, కొస నీళ్లలో ముంచి నొక్కింది. ఒక్క బుడగ రాలేదు. ఇంకాస్త నొక్కింది. రాలేదు.

ఆమె సీసా ఎత్తి అద్దంలోంచి భర్తకు చూపించింది. ఆయన నవ్వబోయి ఏడ్చాడు. ఆడపడుచు రెండూ ఒకేసారి చేసింది. సూపరింటెండెంటుగారు ఉత్సాహం పట్టలేక అటెండరును కౌగిలించుకున్నారు. మూడూ నలభైకి భర్త సీసాను గుండెకు హత్తుకుని జూ దారి పట్టాడు. నాలుగింటికి రెండు నిమిషాల ముందు ఫోను వచ్చింది, సూది పడిందని.

ఇన్‌స్పెక్టరమ్మ నోటుపుస్తకం మూసి, ఆ రోజు మొదటిసారి నాలుగు మాటలు మాట్లాడింది. "మందు బాగా వచ్చిందని చూపించే గదులు చాలా చూశానమ్మా. నిండిన సీసాను నా ఎదురుగా కాదనుకున్న గది ఇదొక్కటే. ఆ రూలు మాత్రం దిద్దండి."

రూలమ్మ అక్కడికక్కడే బల్ల ఎక్కి, లామినేషన్ మీదే ఎర్ర మార్కరుతో ఒకటో రూలు చివర "నూనె మందుకు తప్ప" అని రాసింది. ఎవరూ నవ్వలేదు. ఆమే నవ్వింది. ఆ సాయంత్రమే దుకాణం మూసేలోపు వెళ్లి మంచం కొన్నారు. ధర దగ్గర ఆడపడుచు ఒక్క మాట కూడా బేరమాడలేదు. దుకాణం వాడే కంగారుపడి తగ్గించాడు.

ఆ తరువాత రోజూ సూది పడింది. ఐదు నెలలకు పొడుగమ్మ ఈనింది. పుట్టిన గంటకే పిల్ల నాలుగు కాళ్ల మీద తూలుతూ లేచి నిలబడిందనీ, పుడుతూనే తనకంటే పొడుగుందనీ భర్త ఇప్పటికీ కనిపించిన ప్రతివాళ్లకూ చెబుతుంటాడు.

మందుల గది కప్పు మీద నూనె మరక మాత్రం అలాగే ఉంది. సూపరింటెండెంటుగారు ప్రతి సోమవారం దాన్ని తడిగుడ్డతో తుడిపిస్తున్నారు.