తీరిక సర్టిఫికెట్టు

ఒక పెద్ద అడవిలో, జూలై పదకొండో తేదీ మంగళవారం పొద్దున పదిన్నరకి సూరమ్మకి అన్యాయం జరిగింది. అడవిలో అన్యాయాలకి తేదీలు రాసిపెట్టుకునే అలవాటు ఎవరికీ లేదు. సూరమ్మకి ఉంది. అందుకే ఈ కథ మిగిలింది.

సూరమ్మ ముళ్ళపంది. ముగ్గురు పిల్లలు. మొగుడు ఏ పుట్టలో ఉన్నాడో ఆవిడ పట్టించుకోవడం మానేసింది. పొద్దస్తమానం దుంపలు తవ్వడమే పని. చదువు ఎవరూ చెప్పలేదు. మనుషులు తిని పారేసిన బిస్కెట్ పొట్లాల మీద అక్షరాలు కూడబలుక్కుంది. తర్వాత మందుచీటీలు, చిరిగిన పేపర్లు, ఏది దొరికితే అది నమిలినట్టు చదివింది. రెండేళ్ళ కిందట సగం నవల దొరికింది. దివాణంలో దొర చింతపులుసు తిని చచ్చాడు. నేరం వంటమనిషి రత్తమ్మ మీద పడింది. నూట పన్నెండో పేజీలో రత్తమ్మ మెడకి ఉరితాడు తగిలించారు. అక్కడితో కాగితాలు అయిపోయాయి.

రెండేళ్ళుగా సూరమ్మ ఏ దుంప తవ్వుతున్నా రత్తమ్మ ఆ తాడు కిందే నిలబడి ఉంది.

అలాంటి సమయంలో అడవి గ్రంథాలయానికి కాలక్షేపం పుస్తకాలు కొత్తగా నూట ఎనభై రెండు వచ్చాయని చాటింపు వేశారు. అద్దాల బీరువాలో, రెండో వరసలో, అదే నవల. పూర్తిది!

లైబ్రేరియన్ పేరయ్య ఒక అలుగు. ఒళ్ళంతా పొలుసులు. ఎవరైనా ప్రశ్న అడిగితే ముద్దలా చుట్టుకుపోవడం ఆయన పనితీరు.

“పేరయ్యగారూ, ఆ పుస్తకం ఇప్పించండి.”

పేరయ్య ముద్దయ్యాడు.

“ముద్దలోంచే చెప్పండి, వినిపిస్తుంది.”

“అవి కాలక్షేపం పుస్తకాలమ్మా. తీరిక ఉన్నవాళ్ళకే ఇస్తాం. ఛైర్మన్ గారి దగ్గర తీరిక సర్టిఫికెట్టు పట్రా.”

ఛైర్మన్ భీమలింగం ఎలుగుబంటి. తేనె చేతితోనే ఫైళ్ళు తిప్పుతాడు, అందుకే ఏ ఫైలూ ఆయన్ని వదలదు.

“నీకు తీరిక ఉందా?”

“ఉంది కనకే వచ్చాను బాబూ.”

“ఎందుకొచ్చావు?”

“సర్టిఫికెట్టు కోసం.”

“అంటే పని మీద వచ్చావు. పని మీద తిరిగేదానికి తీరికెక్కడిది?” అని ఆమె అర్జీ మీద పెద్ద అక్షరాలతో రాశాడు: ‘ఈమెకు క్షణం తీరిక లేదు.’ కింద సంతకం, ముద్ర.

“ఆయన ముద్దవుతాడు, నువ్వు మెలికవుతావు. మీ ఇద్దర్నీ కలిపి మంటేసినా చలి తీరదు!” అంది సూరమ్మ. అర్జీని మాత్రం మడిచి దాచుకుంది. అక్షరం ఉన్న కాగితం పారేసే రకం కాదు.

అసలు సంగతి ఏమిటంటే, ఆ ఏడు అన్ని అడవుల్లోనూ చక్కగా ఉంచిన గ్రంథాలయానికి శాలువా కప్పుతామన్నారు.

“ఎవడి చెయ్యీ పడకపోతే పుస్తకం నలగదు. నలగకపోతే శాలువా మనదే,” అన్నాడు భీమలింగం. “నువ్వు కూడా బీరువా తెరవకు పేరయ్యా.” పేరయ్య తాళంచెవి మెడలో కట్టుకుని, దాని చుట్టూ ముద్దయ్యాడు.

ఆగస్టు పన్నెండున తనిఖీకి కొంగ వచ్చింది. ఒంటికాలి మీద నిలబడి బీరువా చూసింది.

“అద్దం తళతళలాడుతోంది. మరి చదివినవాళ్ళ పేర్లేవి?”

“చదవడమా?” అన్నాడు భీమలింగం, నిజంగానే ఆశ్చర్యపోయి.

“ఒక్క పేరూ లేకపోతే శాలువా లేదు. పుస్తకాలు పక్క అడవికి పంపేస్తాం.”

కొంగకి చేపల ఫలహారం పెట్టించి, అది తినేలోగా ఛైర్మన్ తననీ పేరయ్యనీ చదివినవాళ్ళ కింద చూపించడానికి రెండు తీరిక సర్టిఫికెట్లు రాసిపారేశాడు. కొంగ ముక్కు తుడుచుకుని పైకి చదివింది: “ఛైర్మన్ శ్రీ భీమలింగం గారికి చేయుటకు ఏ పనియు లేదని ధ్రువీకరించడమైనది. లైబ్రేరియన్ శ్రీ పేరయ్యకు అసలే లేదు. సంతకం తమదేనా?”

“మాదేనండీ. ముద్ర కూడా కొత్తది.”

“పని లేదని తమరే రాసిచ్చాక ఇక ఉద్యోగాలెందుకు?”

రెండు కొలువులూ అక్కడికక్కడే రద్దు. “పని ఉన్నట్టు రుజువున్నవాళ్ళు ఈ అడవిలో ఎవరైనా ఉన్నారా?” అని కొంగ అడిగితే, గుంపులోంచి సూరమ్మ మడత విప్పుతూ ముందుకొచ్చింది. ఛైర్మన్ సంతకం, ముద్రా. మధ్యాహ్నానికల్లా లైబ్రేరియన్ అయిపోయింది.

పేరయ్య మెడలోని తాళంచెవి పుచ్చుకుని తాళం తీసింది. బయటికి కనబడే అట్టలన్నీ రంగురంగులుగా నిక్షేపంగా ఉన్నాయి. వాటి వెనక మట్టి. పుస్తకాలు లేవు.

“చాలా రుచిగా ఉన్నాయమ్మా,” అంది మట్టిలోంచి ఓ చెదపురుగు. “మమ్మల్నెవరూ సర్టిఫికెట్టు అడగలేదు.”

సూరమ్మ ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. అంతలో ఏదో తట్టింది.

“రెండో వరసలో నవల, నూట పదమూడో పేజీ తిన్నదెవరు?”

“నేనేనమ్మా.”

“నూట పధ్నాలుగు?”

“మా బావగారు.”

“అందరూ వరసగా నిలబడండి. తిన్నది తిన్నట్టు అప్పజెప్పండి. ఒక్క మాట మింగినా ఊరుకోను.”

చెదలు అప్పజెప్పాయి. ఎంతైనా శ్రద్ధగా తిన్నవి, అక్షరం పొల్లుపోలేదు. నూట ముప్ఫయ్యో పేజీ తిన్న ముసలి చెద, తాడు విప్పమని కబురొచ్చిందంది. దాని పక్కది, రత్తమ్మ ఇంటికెళ్ళి పొయ్యి ముట్టించిందంది. సూరమ్మ ముళ్ళు ఒక్కొక్కటే వాలిపోయాయి. రెండేళ్ళలో మొదటిసారి చతికిలబడి కూర్చుంది.

“బతికిందన్నమాట, నా తల్లి! మరి విషం కలిపిందెవరు?”

వరసలో చివరి చెద గొంతు సవరించుకుంది. “విషం కలిపింది ఎవరంటే...”

వెనకనుంచి ఒక పొడుగాటి నాలుక వచ్చి, చెదని చుట్టుకుని వెళ్ళిపోయింది.

సూరమ్మ తిరిగి చూసింది. పేరయ్య. పొద్దుటినుంచి కొలువూ లేదు, కూడూ లేదు. అలుగులకి చెదలే కదా అన్నం.

“ఇన్నాళ్ళూ బీరువా తెరవొద్దన్నారు,” అన్నాడు మూతి నాక్కుంటూ. “లోపల భోజనం ఉందని ఒక్కడూ చెప్పలేదు.”

“ఎవరు కలిపారయ్యా? నీ కడుపులోనే ఉంది, చెప్పు!”

ప్రశ్న అడిగారు కనక పేరయ్య ముద్దయ్యాడు.

సూరమ్మ రిజిస్టరు తెరిచింది. పుస్తకం: చివరి పేజీ. తీసుకున్నవారు: పేరయ్య. తీసుకున్న తేదీ: ఆగస్టు పన్నెండు.

నీతి: పని ఉన్నవాళ్ళు చదువుతారు, పని లేనివాళ్ళు మింగుతారు, అయినా ఎవరు తీసుకున్నా తిరిగివ్వాల్సిన గడువు ఆగస్టు ఇరవై ఆరు.