కౌన్సిలరు గారి ఎర్రగడ్డ వ్రతం

తొంభై ఎనిమిదిలో ఎర్రగడ్డల, అదే ఉల్లిపాయల, ధర ఆకాశంలో కూర్చున్నప్పుడు, పురసవాక్కం కూడలిలో మైకు పట్టుకుని కౌన్సిలర్ కోదండరాం ఒక భీషణ ప్రతిజ్ఞ చేశాడు.

"ప్రజలు తినలేని ఎర్రగడ్డ నాకూ వద్దు! ధర దిగేదాకా ఒక్క గడ్డ నా గడప తొక్కదు!"

జనం చప్పట్లు కొట్టారు. ఇడ్లీలమ్మే వల్లి కళ్ళు తుడుచుకుంది. మహానుభావుడు! ముందురోజే మూడు మూటలు కొట్టుగదిలో వేయించుకున్నాడు కాబట్టి, ఇక గడప తొక్కాల్సిన పని వాటికి లేదు.

ఆ సంగతి వంటమనిషి తాయారుకి తెలుసు. పదేళ్ళుగా ఆ ఇంట్లో గరిటె తిప్పుతున్న మనిషి.

"ఏం తాయారమ్మా, సాంబారులో ఎర్రగడ్డ కనపడదే?"

"వ్రతం కదయ్యా."

"వ్రతం రోడ్డు మీద. ఈడ కిటికీలు మూసి తాళింపెయ్యి. నాలుగు ఊదొత్తులు వెలిగించు, సరిపోతుంది."

చిక్కంతా మిగిలినదానితోనే. వీధిలో చెత్త వేసే కుప్పతొట్టిలో వేద్దామంటే ఎదుటి పార్టీ కన్నియప్పన్ రోజూ కర్రతో కెలికి చూస్తున్నాడు. అందుకని మిగిలిన సాంబారు, పకోడీలు, వేపుళ్ళు అన్నీ పెరట్లోని మణికి పెట్టమని ఆజ్ఞ అయింది. మణి కుక్కే అయినా క్రమశిక్షణ గల కార్యకర్త. ఏం పెడితే అది తింది.

మూడో వారం కోదండరాం విలేకరులని పిలిచి, "మా మణి కూడా ఎర్రగడ్డ మానేసిందయ్యా" అన్నాడు గద్గదంగా. మెడలో పార్టీ కండువాతో మణి ఫోటో పేపర్లో పడింది. కింద 'త్యాగమణి' అని బిరుదు.

ఫోటో పడిన మూడోరోజు మణి లేవలేదు. చిగుళ్ళు తెల్లగా పాలిపోయాయి, ఉచ్చ ఎర్రగా పోస్తోంది. తాయారు ప్రాణం కొట్టుకులాడింది. పిల్లగా ఉన్నప్పుడు వానలో దొరికితే కొంగులో చుట్టుకుని తెచ్చి పెంచింది మరి.

"అయ్యా, బిడ్డ బతికేటట్టు లేదు. డాక్టరమ్మని పిలిపించండి."

"పిలిపిస్తా. పేపరోళ్ళనీ పిలిపిస్తా. త్యాగం చేసి చిక్కిపోయిందని రాసుకుంటారు."

నలుగురు విలేకరులు, రెండు కెమెరాలు, పశువుల డాక్టరు అనఘ వచ్చారు. అనఘ మణి పెదవి ఎత్తి చూసింది.

"ఎర్రగడ్డ పెడుతున్నారా? కుక్కలకి అది విషం."

"శివశివా! ఈ ఇంట్లో దాని వాసన కూడా లేదు."

"అయితే ఎలుకల మందు తినుంటుంది. దానికి వైద్యం వేరు. మీరు చెప్పేదాన్ని బట్టే సూది వేస్తాను. తప్పు చెప్తే సాయంత్రానికి దక్కదు."

కోదండరాం కెమెరాల వంక చూశాడు. "ఎలుకల మందే అయ్యుంటుందమ్మా."

"కాదమ్మా!" తాయారు అడ్డం వచ్చింది. "ఎర్రగడ్డే! మూడు వారాలుగా నా చేత్తోనే పెట్టినా. పని పోతే పోనీ, దాన్ని బతికించు తల్లీ!"

అనఘ సూది వేసింది. "ఇంట్లో తిండి పెట్టొచ్చు, తప్పు లేదు. కానీ ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఉడికిన ఎముకలు మాత్రం వద్దు. మెత్తటి అన్నం, ఎముకలు తీసేసి ఉడికించిన కోడిమాంసం, కాస్త గుమ్మడికాయ, ఉప్పూ కారం లేకుండా పెట్టు. గండం గడుస్తుందిలే."

విలేకరులు కోదండరాం వైపు తిరిగారు. "సార్, ఎర్రగడ్డలు ఎక్కడివి?"

నాయకుడంటే ఆయనే! కళ్ళు మూసుకుని, చేతులు జోడించాడు. "గుట్టుగా చేద్దామనుకున్నా. ఇక దాగదు. ఇంట్లో ఉన్న ఎర్రగడ్డలన్నీ నోరులేని జీవానికి దానం చేశాను. మేం ముట్టలేదు. రాసుకోండి."

రాసుకున్నారు. పొద్దున్నే పేపర్లో వచ్చింది కూడా.

ఆ పొద్దున తాయారు గుమ్మడికాయ కలిపిన అన్నం మెదిపి నోటికందిస్తే, మణి రెండు ముద్దలు తిని తోక ఆడించింది. తాయారుకి ఏడుపొచ్చేసింది. అంతలో గేటు చప్పుడైంది. వీధి చివరిదాకా ఆడవాళ్ళ వరస, చేతుల్లో సంచులు. అందరికంటే ముందు వల్లి. మేడమీద కిటికీలు టపటపా మూసుకున్నాయి.

"ఏంది వల్లీ?"

"దానం చేస్తున్నారంట కదక్కా. మేమూ నోరులేని జీవాలమే."

తాయారు చెయ్యి కడుక్కుని, కొట్టుగది తాళంచెవి తేవడానికి లోపలికి పోయింది.