కొట్టొచ్చినట్టు కనపడే ఫ్లెక్సీ

సోమవారం ఉదయం చంద్రరావు వేసుకున్న పథకం చాలా సరళమైనది: ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కాకినాడ రోడ్డులోని కొత్త రొయ్యల మేత ఫ్యాక్టరీ గేటుకు ఎదురుగా తన ఫ్లెక్సీ కట్టించి, ఇంటికొచ్చి ఫోను దగ్గర కూర్చోవడం.

ఆయన సామర్లకోటలో ఒక నూనె మిల్లుకు ఇరవై ఏళ్ళకు పైగా స్టోర్స్ చూశాడు. యజమాని గున్నేశ్వరరావు ఆ పనికి కంప్యూటరు పెట్టి ఆయన్ను మానిపించాడు. అనుభవం ఉన్నట్టు ఒక కాగితం ఇమ్మంటే, "మా మిల్లులో ఆ ఆనవాయితీ లేదయ్యా" అన్నాడు. ఆ తరువాత పెట్టిన దరఖాస్తులకు మనుషులెవరూ జవాబివ్వలేదు. యంత్రాలు మాత్రం మర్యాదగా తిరస్కరించాయి. యాభై దాటిన మనిషికి చుట్టుపక్కల మిగిలిన ఆశ ఈ ఫ్యాక్టరీలో తాను దరఖాస్తు పెట్టిన స్టోర్స్ ఉద్యోగమొక్కటే.

ఇంట్లో ఆయన, కూతురు హేమశ్రీ ఇద్దరే. "స్టాండ్ అవుట్ అవ్వాలి నాన్నా! వందమందిలో కంపెనీవాళ్ళ కంట్లో పడాలి" అని ఆమె పోరింది. ఆమె ఉద్దేశం ఇంటర్నెట్టులో ప్రొఫైలు. ఆయన ఎరిగిన లోకంలో కంట్లో పడేది ఫ్లెక్సీ. ఆమెకు చెప్పకుండా ముందురోజే బంగార్రాజు షాపుకు వెళ్ళాడు.

"కలరెందుకండి? రోడ్డంతా కలరే. బ్లాక్ అండ్ వైటైతే కొట్టొచ్చినట్టు కనపడుద్దండి" అన్నాడు బంగార్రాజు.

"పుట్టిన తేదీ వెయ్యి. వయసు దాచకూడదు."

"ఆయ్! ఫొటోకి ఎడంపక్క వేశానండి. కుడిపక్క బోసిగా ఉంది, ఇంకో తేదీ ఏదైనా చెప్పండి."

"మిల్లులో ఆఖరిరోజు వేసెయ్."

"బ్రహ్మాండం! కింద రెండు దీపాలు పెడతానండి, నిండుగా ఉంటది."

ఉద్యోగం కోరుతున్నట్టు తెలిపే వాక్యం అడుగున, ఫోన్ నంబరు పక్కన, చిన్న అక్షరాలలో పడింది. రోడ్డు మీద మనిషి అక్షరాలను చదవడు, ఆకారాన్ని చదువుతాడు. ఇది చంద్రరావు ఆలోచించని సంగతి.

ఫ్లెక్సీ కట్టి వచ్చిన గంటకే ఫోను మోగింది. హేమశ్రీ ఎత్తి, అయోమయంగా తండ్రి వైపు తిరిగింది.

"ఎన్నింటికి తీసుకెళ్తారని అడుగుతున్నారు నాన్నా."

చంద్రరావు ముఖం వెలిగిపోయింది. "కారు పంపుతున్నారేమో! ఎప్పుడైనా సిద్ధమేనని చెప్పు."

"నాన్న ఎప్పుడైనా రెడీ అంటున్నారండి" అందామె. అవతల ఫోను కిందపడిన చప్పుడైంది.

చంద్రరావు ముఖం కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. అంతలో గున్నేశ్వరరావు పెద్ద చామంతి దండతో వచ్చి, హేమశ్రీ నోరు తెరిచేలోగా బావురుమన్నాడు.

"మీ నాన్న చేతిలో ఒక్క బోల్టు పోలేదమ్మా! ఆ కంప్యూటరుకి నట్టుకీ బోల్టుకీ తేడా తెలీదు. అలాంటి మనిషి మళ్ళీ దొరకడు. రేపోమాపో పిలుద్దామనే అనుకున్నా!"

"రేపెందుకండి, ఇవాళే వస్తాను" అన్నాడు చంద్రరావు, తువ్వాలుతో గుమ్మంలోకి వచ్చి.

గున్నేశ్వరరావు ఆయన్ను కిందికీ పైకీ చూశాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "బతికుండగా ఈ వేషాలేంటయ్యా? పరువుగల మిల్లు మాది" అని, దండ తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆయన ఎక్కిన ఆటో కదలకముందే ఫ్యాక్టరీ మేనేజరు శాంతికుమార్ ఇంకో ఆటోలోంచి దిగాడు. అతని చేతిలోనూ దండే. చంద్రరావును చూసి దాన్ని వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

"మీ అప్లికేషన్ నేనే చదివానండి. సెలెక్ట్ చేసింది మిమ్మల్నే. శనివారమే ఆర్డరు సిద్ధమైంది. పొద్దున్న గేటు దగ్గర బోర్డు చూసి... రెండో ఆయన్ని పిలిచేశామండి. జాయినైపోయారు."

"బోర్డు కట్టకపోయి ఉంటే?"

శాంతికుమార్ దండ అరుగు మీద పెట్టి, నమస్కారం చేసి వెళ్ళాడు.

ఆ దండను పక్కకు జరిపి తండ్రీ కూతుళ్ళు అరుగు మీద కూర్చున్నారు. చంద్రరావు నెమ్మదిగా అడిగాడు: "గున్నేశ్వరరావుగారు అన్న మాటలు గుర్తున్నాయామ్మా? దరఖాస్తులో పెట్టడానికి పనికొస్తాయేమో."

హేమశ్రీ ముక్కు ఎగపీల్చి, ఫోనులో ఒక్క మాట పోకుండా రాసింది. సిఫారసు నిజంగానే గొప్పగా వచ్చింది. దానిలో లోపమల్లా అభ్యర్థి బతికి ఉండటమే.