నంబరు లేని వస్తువు ఉండకూడదు

పంపుల ఫ్యాక్టరీలో సామాన్ల గదిని ముప్ఫై ఒక్క ఏళ్ళు ఏలినవాడు కనుక, రిటైరయ్యాక కూడా ఆయన్ని అందరూ స్టోర్సుగారనే పిలిచేవారు. చీకట్లో చెయ్యి పెట్టినా అడిగిన మేకే చేతికొచ్చేదట. అది ఆయన చెప్పిన మాటే అనుకోండి.

ఆ ఉదయం కూతురు లేవకముందే ఆయన ఆమె కంప్యూటరు ముందు కూర్చున్నాడు. తెర నిండా ఫైళ్ళు, ఆరబోసిన గింజల్లా. ఇళ్ళ ప్లాన్లు గీసే పిల్ల ఇందులో ఏం వెతుక్కుంటుందని జాలిపడి, పనిలోకి దిగాడు. ఫోల్డర్లకు ర్యాకులని పేరు పెట్టాడు. ప్రతి ఫైలు పేరూ తీసేసి నంబరు వేశాడు. ఏ నంబరు ఏమిటో ఒక రిజిస్టరు టైపు చేశాడు. చివరికి పేరుతో మిగిలింది ఆ రిజిస్టరొక్కటే. నియమం నియమమే కదా, దానికీ నంబరు వేసి ర్యాకులోకి తోసేశాడు. ఆ నంబరు మరిచిపోకుండా రిజిస్టర్లోనే రాసుకున్నాడు.

పదిన్నరకు కూతురు వచ్చి కూర్చుంది. పదకొండింటికల్లా పళ్ళ డాక్టరమ్మకు ఇంటి ప్లాను పంపాలి. వంటగది నచ్చలేదని ఆవిడ ఇప్పటికి ఐదుసార్లు తిప్పికొట్టింది. ఇదీ నచ్చకపోతే వేరేవాళ్ళను చూసుకుంటానంది.

"నాన్నా, నా ఫైళ్ళేవి?"

"అన్నీ సర్దేశానమ్మా. ఏం కావాలో చెప్పు, క్షణంలో తీసిస్తా."

"డాక్టరమ్మ ఇల్లు."

"దాని నంబరు రిజిస్టర్లో ఉంది."

"రిజిస్టరెక్కడుంది?"

"దాని నంబరూ రిజిస్టర్లోనే ఉంది."

వంటగదిలోంచి తల్లి అంది: "తాళంచెవి బీరువాలో పెట్టి బీరువాకి తాళమేసినట్టుంది."

"నువ్వూరుకోవే. నా స్టోర్సులో ఒక్క బోల్టు పోలేదు."

"ఎలా పోతుందండీ, బయటికొస్తేగా."

కంప్యూటరును వెతకమంటే పేరడిగింది. పేర్లేమో ఆయన ఒక్కటీ మిగల్చలేదు. ఒక్కొక్కటే తెరిస్తే ఎవరిదో మేడమెట్లు, పక్కింటి కుక్కపిల్ల ఫొటో, ఇంకెవరిదో స్నానాలగది. ఇంతలో డాక్టరమ్మ ఫోను. ఆవిణ్ణి బతిమాలుకోవడానికి కూతురు బాల్కనీలోకి వెళ్ళింది.

స్టోర్సుగారికి చటుక్కున గుర్తొచ్చింది. మూడో ర్యాకు, పదిహేడు. సందేహమే లేదు. తెరిచి చూడటమంటే తనను తాను అనుమానించుకోవడమే. డాక్టరమ్మకు పంపాల్సిన ఉత్తరం తెర మీద సిద్ధంగా ఉంది. దానికి తగిలించి నొక్కేశాడు.

"పంపేశానమ్మా, వచ్చెయ్."

కూతురు ఆ ఫైలు తెరిచి కుర్చీలో కూలబడింది. అది తల్లి ఎప్పుడో పెన్సిలుతో గీసుకున్న కాగితం. తన వంటగది ఎలా ఉండాలో గీసుకుంటే, కూతురు ముచ్చటపడి ఫొటో తీసి దాచింది. కిటికీ కింద కూరలు తరిగే గట్టు, చెయ్యి చాపితే అందే సింకు, మూలన ఒక పీట. పీట పక్కన వంకర అక్షరాలు: "ఇక్కడ నేను కూర్చుంటా. ఎవరూ పలకరించకూడదు."

ఫోను మళ్ళీ మోగింది. కూతురు గుండె చిక్కబట్టుకుని స్పీకరు నొక్కింది.

"ఇన్నాళ్ళూ ఏం తక్కువైందో చెప్పలేకపోయానమ్మా," అంది డాక్టరమ్మ. "ఆ పీటే. అదుండాలి. మిగతా ఇల్లు నీ ఇష్టం, మొదలుపెట్టెయ్."

స్టోర్సుగారు వెనక్కి వాలాడు. "చూశారా, సర్దిపెడితే ఏది ఎప్పుడు అక్కరకొస్తుందో."

తల్లి వంటగది మూలకు ఒక పీట లాక్కుని కూర్చుంది. ఆ పూట ఆవిణ్ణి ఎవరూ పలకరించలేదు.

రిజిస్టరు మాత్రం ఇప్పటికీ దొరకలేదు. భద్రంగా ఉందని స్టోర్సుగారి హామీ.