ఖాళీ చేతుల పద్ధతి

ఇల్లు మారే రోజూ బాస్కెట్‌బాల్ ఫైనలు జరిగే రోజూ ఒకటే అయితే మగవాడు ఏం చెయ్యాలో ఇంతవరకు ఏ పెద్దమనిషీ చెప్పలేదు. అందుకని నేనే ఆలోచించుకోవలసి వచ్చింది. ఆలోచించకుండా ఉంటే ఎంత బాగుండేదో మీరే వినండి.

నేను కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాను. పగలంతా నలుగురి చూపూ సరిచేసి, సాయంత్రం నా చూపు టీవీలో బాస్కెట్‌బాల్‌కి అప్పగిస్తాను. నాకు తోడు మా బావమరిది. ఏ పని మొదలుపెట్టినా టీ కోసం మధ్యలో ఆగిపోతాడని ఇంట్లో అందరం అతన్ని టైమౌట్ అంటాం.

ఈసారి ఫైనలుకొచ్చిన జట్ల కోచ్‌లిద్దరికీ ఒక్క పోలిక లేదు. ఒకాయన కోర్టు గీత పక్కన నిలబడి కేకలేస్తాడు. ఎవరు ఎక్కడ నిలబడాలో, బంతి ఎటు పోవాలో వేళ్ళతో చూపిస్తాడు. చివరికి బంతి ఒక్క మొనగాడి చేతికిప్పించి మిగతా నలుగుర్నీ తప్పుకోమంటాడు. రెండో ఆయన చేతులు కట్టుకుని కుర్చీలో కూర్చుంటాడు. ఆయన ఆటగాళ్ళు మాత్రం కుదురుగా ఉండరు. తమకంటే ఖాళీగా ఉన్నవాడు కనపడితే చాలు, బంతి వాడికిచ్చేసి ముందుకు పోతారు.

మొదటాయనకి కేకలరాయుడనీ, రెండో ఆయనకి మౌనస్వామి అనీ పేర్లు పెట్టుకున్నాం. టైమౌట్ కేకలరాయుడి వైపు. నేను మౌనస్వామి భక్తుణ్ణి. కేకలరాయుడి పద్ధతి నాకు మా ఇంట్లోనే దొరుకుతుంది.

"ఆదివారం పొద్దున్నే లారీ వస్తుంది," అంది మా ఆవిడ భోజనాల దగ్గర. "మీరు మంచాలు విప్పండి. తమ్ముడు బీరువా చూసుకుంటాడు. అమ్మాయి..."

"ఆగు. ఆ పద్ధతి పాతబడిపోయింది. నువ్వూ, నేనూ, అమ్మాయి, టైమౌట్, మీ అమ్మగారు. లెక్కపెట్టు. సరిగ్గా ఒక జట్టు."

"మా అమ్మకి డెబ్బై దాటాయి."

"జట్టన్నాక అనుభవం ఉన్నవాళ్ళు ఒకరుండాలి."

నా పథకం వివరించాను. ఎవరూ ఎవరికీ ఆర్డర్లు వెయ్యకూడదు. చేతిలోకొచ్చిన వస్తువు పట్టుకుని నిలబడకూడదు. చేతులు ఖాళీగా ఉన్న మనిషి కనపడగానే ఇచ్చెయ్యాలి. అలా చేతులు మారుతూ సామాను దానంతటదే లారీలోకి పోతుంది.

"ఇచ్చేశాక అది ఎక్కడికి పోయిందో ఎవరికి తెలుస్తుంది?" అంది మా ఆవిడ.

"జట్టుకి తెలుస్తుంది. ఇంకో సంగతి. కొత్తింట్లో ఆఖరి పెట్టె గడప దాటిందంటే నా ఆట అయిపోయినట్టే. పెట్టెలు విప్పి సర్దడం నాకు సంబంధం లేదు. ఆరింటికి ఫైనలు. నన్నెవరూ లేపకూడదు."

"అలాగే. నేను ఆ రోజు ఒక్క ఆర్డరు కూడా వెయ్యను."

అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే నేను అనుమానపడి ఉండాల్సింది. కానీ అప్పటికే గాల్లో తేలిపోతున్నాను.

ఇక్కడ మా అత్తగారి గురించి చెప్పాలి. ఆవిడకి ఏళ్ళ తరబడి వినపడేది కాదు. ఆవిడ ఎదురుగానే ఆవిడ గురించి గొణుక్కునే వెసులుబాటు నాకుండేది. ఈమధ్యే చెవికి మిషను పెట్టించాం, ఆ వెసులుబాటు పోయింది. అయితే మనవరాలు చెప్పిన జోకుకి ఆవిడ అందరితోపాటు, అందరూ నవ్వినప్పుడే నవ్విన రోజున, నేను వంటింట్లోకి పోయి కళ్ళు తుడుచుకున్నాను. అది మాత్రం ఎవరికీ తెలియనివ్వలేదు.

ఆదివారం వచ్చింది. నా పద్ధతి దివ్యంగా మొదలైంది. మంచం కోళ్ళు, దిండ్లు, పుస్తకాలు మెట్ల మీద చేతులు మారుతూ దిగిపోయాయి. నేను మధ్య మెట్టు మీద నిలబడి మురిసిపోయాను. కాసేపటికి ఒక చీపురు రెండోసారి నా చేతిలోకొచ్చింది. కిందనుంచి పైకి వస్తున్న అమ్మాయి చేతులు ఖాళీగా ఉన్నాయని టైమౌట్ దాన్ని ఆ పిల్లకే ఇచ్చాడట. చప్పుడేమిటోనని తలుపు తీసిన కింది అంతస్తు ఆవిడ చేతులూ ఖాళీగానే ఉండటంతో, మా ఇస్త్రీపెట్టె ఆవిడకి అందింది. ఆవిడ మర్యాదగా తీసుకుని తలుపేసుకుంది. గిన్నెల పెట్టె లారీ డ్రైవరు చేతిలో పడితే, పాపం తనకే ఇచ్చారనుకుని సీటు కింద పెట్టుకున్నాడు. రెండూ వెనక్కి తెచ్చేసరికి నా పరువు సగం పోయింది.

అప్పుడే అత్తగారు దుమ్ము పడకుండా తలకి తువ్వాలు చుట్టుకుని నా దగ్గరికొచ్చారు. చెవి మిషను తీసి, దాని చిన్న డబ్బాలో పెట్టి నా చేతిలో పెట్టారు.

"ఈ చప్పుడు భరించలేకపోతున్నాను అల్లుడుగారూ. జాగ్రత్తగా ఉంచండి."

నేను వెంటనే దాన్ని టైమౌట్‌కి ఇచ్చేశాను. పద్ధతి పద్ధతే కదా.

నాలుగు దాటేసరికి కొత్తింట్లో ఆఖరి పెట్టె గడప దాటింది. టీవీ గోడకి తగిలించి, ఎదురుగా కుర్చీ వేసుకుని కాళ్ళు చాపాను.

"అమ్మ మిషనేదండీ?" అంది మా ఆవిడ.

టైమౌట్ వైపు చూశాను.

"నేను అమ్మాయికిచ్చాను బావా."

"నేను అమ్మకిచ్చాను నాన్నా."

"అప్పుడు నా చేతిలో గాజు సామానుంది," అంది మా ఆవిడ. "చేతులు ఖాళీగా కనపడ్డవాళ్ళకి నేనూ ఇచ్చేశాను. మీ పద్ధతిలో ఇచ్చాక వెనక్కి తిరిగి చూడకూడదుగా."

అత్తగారు కిటికీ పక్కన కూర్చుని, ఏమీ వినపడని మనిషిలా వీధిలోకి చూస్తున్నారు. ఆ చూపు చూసి నాకు నిజంగా భయమేసింది. ఇన్నాళ్ళకి ఇంట్లో మాటల్లోకొచ్చిన మనిషిని నా తెలివి మళ్ళీ కిటికీ దగ్గర కూర్చోబెట్టింది.

ఏదో ఒక పెట్టెలో పడే ఉంటుందని మొదటి పెట్టె విప్పాను. గిన్నెలు.

"నేలమీద పెడితే ఎవరైనా తొక్కుతారేమో," అంది మా ఆవిడ, చేతులు కట్టుకుని కుర్చీలో కూర్చుని. "ఆ పై అర ఖాళీగా ఉంది."

అది ఆర్డరు కాదు, సమాచారం. గిన్నెలు పై అరలో పెట్టి రెండో పెట్టె విప్పాను. చక్కెర, కాఫీపొడి డబ్బాలు. వాటికి పొయ్యి పక్కన గూడు ఖాళీగా ఉందని ఇంకో సమాచారం వచ్చింది. దుప్పట్లు దులిపి మడతపెట్టాను. పుస్తకాలు ఒక్కొక్కటీ తెరిచి చూసి వరసగా పేర్చాను. టైమౌట్ సాయానికి లేవబోయి మా ఆవిడ ముఖం చూసి టీ తాగుతూ కూర్చున్నాడు.

ఆఖరున అత్తగారి బట్టల పెట్టె ఆవిడ కాళ్ళ దగ్గరే విప్పాను. అలసటకి నోరు అదుపు తప్పింది.

"చెవిలోనే ఉంచుకుంటే ఏం పోయింది ఈవిడకి? కాఫీలో చక్కెర తక్కువైతే వీధి చివరిదాకా వినపడేలా చెప్తారు, లారీ చప్పుడు మాత్రం భరించలేరు," అని గొణిగాను. పెట్టె అడుగు కనిపించింది. డబ్బా లేదు. ఇక ఓపిక లేక అక్కడే కూలబడ్డాను. "మీరేమన్నా అనండి అత్తయ్యగారూ, ఈ నెల్లాళ్ళుగా మీ నవ్వు అలవాటైపోయింది. అది లేకపోతే ఇల్లు బోసిపోతుంది. నా జీతంలోంచైనా ఇంకోటి కొంటాను."

వినపడదన్న ధైర్యంతోనే అంత మాట అనగలిగాను.

మా ఆవిడ లేచి టీవీ పెట్టింది. "పోనీలెండి, మ్యాచ్ చూడండి. ఆరయింది."

చూడబుద్ధి కాలేదు. మౌనస్వామి జట్టు వరసగా బుట్టలో బంతులు వేస్తున్నా నాకు ఉత్సాహం రాలేదు. పాపం అత్తగారికి కొంచెమైనా వినపడుతుందేమోనని సౌండు పెంచాను. ఇంకా పెంచాను. అద్దాలు అదిరేదాకా పెంచాను.

"కాస్త తగ్గించండి అల్లుడుగారూ. చెవులు చిల్లులు పడుతున్నాయి," అన్నారు అత్తగారు.

తగ్గించాను. తగ్గించాక గాని ఆవిడ ఏమన్నారో నాకు అర్థం కాలేదు. ఆవిడ తలకి చుట్టిన తువ్వాలు విప్పారు. మిషను చెవిలోనే ఉంది.

కోపం రావాల్సింది. రాలేదు. గుండెల మీది బరువు దిగిపోయి, పిచ్చివాడిలా నవ్వాను.

"ఎవరికిచ్చావన్నావు?" అని మా ఆవిడనడిగాను.

"చేతులు ఖాళీగా ఉన్నవాళ్ళకి. పొద్దుటినుంచీ ఖాళీగా కూర్చున్నది మా అమ్మొక్కతే."

చుట్టూ చూశాను. కొత్తిల్లు అద్దంలా సర్ది ఉంది. విప్పని పెట్టె ఒక్కటీ లేదు.

"ఒక్క మొనగాడికి బంతిచ్చి మిగతావాళ్ళు తప్పుకోవడం మా కేకలరాయుడి పద్ధతి బావా," అన్నాడు టైమౌట్.

"కేకలెవరేశారు? నేను కుర్చీలోంచి కదల్లేదు. ఇది మీ బావ మెచ్చుకునే మౌనస్వామి పద్ధతే," అంది మా ఆవిడ.

"నేను కాఫీ సంగతి విన్నాను," అన్నారు అత్తగారు. నేను తల దించుకున్నాను. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేశారు. "తర్వాత అన్నదీ విన్నాను."

అందరం కూర్చుని చూస్తుండగా మ్యాచ్ ఆఖరి నిమిషంలో పడింది. రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. టైమౌట్ చేతిలో టీ కప్పు, అమ్మాయి చేతిలో ఫోను, అత్తగారి చేతిలో తువ్వాలు ఉన్నాయి. మా ఆవిడ ఖాళీ కాఫీ గ్లాసొకటి తెచ్చి అందరి చేతులూ ఒకసారి చూసి, నా చేతిలో పెట్టింది.

"అమ్మకి. చక్కెర కాస్త ఎక్కువ," అంది. "ఆర్డరు కాదు. సమాచారం."

వంటింట్లోకి వెళ్ళాను. చక్కెర డబ్బా కోసం వెతుక్కోనక్కర్లేకపోయింది, పెట్టింది నేనేగా. ముందుగదిలో అరుపులు మిన్నంటాయి. ఎవరు గెలిచారని నేను అడగబోయేంతలో అత్తగారే లోపలికి కేకేశారు.

"మీ మౌనస్వామే అల్లుడుగారూ. కాఫీ నెమ్మదిగానే తీసుకురండి."